సగం బుర్ర పోటు

నాకు పదహారేళ్ళు నిండిన ఏడు, రైల్వే ఆసుపత్రిలో డాక్టరు బల్ల ముందు నిలబడి మా నాన్న నన్ను అబద్ధాలకోరును చేశాడు. నాకొచ్చే తలనొప్పి ఒట్టి నాటకమన్నాడు. డాక్టరు ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితంతో నా చదువు ఆగిపోయింది.

జరిగింది ఇది. ఇందులో నేను కలిపిందీ లేదు, తగ్గించిందీ లేదు. ఇన్నేళ్ళయింది కదా, పెద్దాయన కూడా పోయాడు కదా, ఇంకా ఎందుకు తవ్వుతావని మా ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. పూడిపోయినదాన్ని కదా తవ్వడం అంటారు. ఇదెప్పుడు పూడింది గనక? పది రోజులకోసారి ఎడమ కణతలో మొదలయ్యే ఆ పోటు, వచ్చిన ప్రతిసారీ నన్ను తీసుకెళ్ళి ఆ బల్ల ముందే నిలబెడుతుంది. అలసిపోయాను. నాతోపాటు నా కోపమూ అలసిపోయింది. అలసిపోయిందే గాని వెళ్ళిపోలేదు.

ఎవరికీ చెప్పకుండానే పోదామనుకున్నాను. పోయిన నెలలో మా మనవరాలు బడి నుంచి వచ్చి, సంచి గుమ్మంలో పడేసి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపుకు నుదురు ఆనించి నిలబడింది. ఎనిమిదేళ్ళ పిల్ల. నేను వెనకాలే వెళ్ళాను.

"ఏమ్మా, ఏటైంది?"

"తాతా, దీవార్ పే కుఛ్ చమక్ రహా హై," అంది కళ్ళు మూసుకునే. మా ఇంట్లో పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని, నొప్పి వచ్చినప్పుడు మాత్రం హిందీయే వస్తుంది. గోడ మీద ఏదో మెరుస్తోందట.

"ఎలా మెరుస్తోందే?"

"ఆరీ జైసా."

రంపంలా ఉందట. నేను వెళ్ళి వంటింటి కిటికీ మూసేశాను.

మా కోడలు మంచిదే. కాని మర్నాడు లెక్కల పరీక్ష ఉందని ఆ పిల్ల పొద్దున్నే గొణిగింది కాబోలు, నవ్వుతూ, "అచ్ఛా, రేపటి పరీక్షకి ఇవాళే మొదలెట్టేవా యాక్టింగు?" అంది. నేను అరిచానట. పక్కింటివాళ్ళు బయటికొచ్చేలా అరిచానట. ఏమన్నానో నాకు గుర్తులేదు. మర్నాడు డాక్టరమ్మ దగ్గరకు నేనే తీసుకెళ్ళాను. ఆవిడ పిల్ల కళ్ళు చూసి, నాలుగు ప్రశ్నలడిగి, కాగితం మీద ఏదో రాసుకుంటూ తలెత్తకుండానే అడిగింది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని.

రైల్వే ఆసుపత్రిలో ఆ బల్ల ముందు విన్న అదే ప్రశ్న. మాట మారలేదు. నేను బడిపిల్లాడిలా చెయ్యెత్తాను.

ఇంటికొచ్చినప్పటి నుంచీ మా పాత రైల్వే క్వార్టరు వాసన నా ముక్కులో తిరుగుతూనే ఉంది.

*

ఎర్ర ఇటుకల క్వార్టర్లు, ఒకదాని వీపుకు ఒకటి ఆనించి కట్టినవి. మా వరుసంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబాలే. తాతల నాడు వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డవాళ్ళు. పొద్దున లేస్తే బొగ్గుపొగ వాసన, దానిమీద తడిసిన బూడిద వాసన, దానిమీద ఎవరింట్లోనో వేగుతున్న ఎండుచేపల వాసన. అమ్మ డాబా మీద వడియాలు పెట్టి పైన పాత చీర కప్పేది. అయినా ఇంజన్ల షెడ్డులోంచి లేచిన మసి ఆ నేతలోంచి దూరిపోయి, ప్రతి వడియం మీదా ఒక నల్లచుక్క పెట్టిపోయేది. "తినండర్రా, ఇంజను వడియాలు," అని వేయించి వడ్డించేది అమ్మ. ఆ నల్లచుక్క లేని వడియాలకు ఇప్పటికీ నాకు రుచి తెలియదు.

మా నాన్న గూడ్సు డ్రైవరు. కట్నీ లైన్లోనూ, అటు రాయగఢ్ వైపూ బొగ్గు బళ్ళు నడిపేవాడు. మాటలు తక్కువ. డ్యూటీ నుంచి వచ్చాడంటే స్నానం చేసి, ఇంత గంజన్నం తిని, వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. కిటికీకి నల్ల కంబళి వేలాడేసేవారు. డ్రైవరు ఇంట్లో పగటి నిద్రకు మించిన దేవుడు లేడు. మా వరుసలో ఏ డ్రైవరు ఇంట్లోనైనా అంతే. రాత్రంతా ఇంజను మీద నిలబడి వచ్చిన మనిషి నిద్ర చాలక మళ్ళీ బండెక్కితే ఏమవుతుందో ఆ వరుసలో పాకే పిల్లలకు కూడా తెలుసు. గిన్నె చప్పుడు చేయకూడదు. రేడియో పెట్టకూడదు. మేం చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళం. బయట గోళీలాడుతూ ఎవడైనా గట్టిగా అరిస్తే అమ్మ గుమ్మంలోంచి వేలు చూపించేది. ఆ వేలు చాలు.

నాకు మొదటిసారి ఆ పోటు వచ్చింది పదకొండో ఏట. దసరా ముందు. కంటి మూల ఒక చిన్న మెరుపు పుట్టింది. అది రంపం పళ్ళలా వంకర తిరుగుతూ పెద్దదై, చూస్తున్న చోటల్లా సగాన్ని మింగేసింది. అమ్మ ముఖంలో ఒక కన్నే ఉంది. చెయ్యి చూసుకుంటే మూడు వేళ్ళు లేవు. భయపడి ఏడుస్తుండగా మెరుపు పోయింది, పోతూ పోతూ ఎడమ కణతలో మేకు దిగ్గొట్టి పోయింది. వాంతులు. వెలుగు చూస్తే వాంతి, ఎండుచేపల వాసనకు వాంతి. వెనక గది చీకటిగా, చల్లగా ఉంటుందని తెలుసు కనక లేచి అటు నడిచాను.

నాన్న గడప దగ్గర ఆపేశాడు. "పగటేల తొంగోడానికి నువ్వేటి డ్యూటీ సేసొచ్చినావా? ఎల్లు, బయట కూకో."

బయట ఎండ. వరండాలో ఆయన లైను పెట్టె ఉంది. డ్రైవర్లు బండి మీదకు తీసుకెళ్ళే ఇనప పెట్టె అది, నల్ల రంగు వేసి పైన తెల్ల అక్షరాలతో పేరు రాసి ఉండేది. దాని రేకు చల్లగా ఉంది. నేలమీద కూర్చుని దానికి కణత ఆనించాను. ఒక పక్క వేడెక్కితే ఇంకో పక్కకు జరిగేవాణ్ణి. ఆ విధంగా పెట్టె చుట్టూ తిరిగాను సాయంత్రం దాకా. తరవాత ఆరేళ్ళూ నాకు ఆ పెట్టే మందు.

అమ్మ ఊరుకోలేదు. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసింది. నాన్న పాత పంచె అంచు చింపి తలచుట్టూ బిగించి, కణత మీద ముడి వేసింది. ఆ ముడి ఎంత గట్టిగా ఉంటే అంత హాయి. దిష్టి అని ఎండుమిరపకాయలు నిప్పుల మీద వేసింది ఒకసారి. ఆ ఘాటుకు నేను గోడకు తల బాదుకున్నాను. దిష్టి బాగా తగిలిందని, అందుకే గుంటడు అంత గింజుకుంటున్నాడని పక్కింటివాళ్ళు నిర్ధారించారు.

మాకు పాలు పోసే ఆవిడ ఛత్తీస్‌గఢీ మనిషి, చేతులనిండా గిల్ట్ కడియాలు. నా అవస్థ చూసి పాలచెంబు కింద పెట్టి, "అధాసీసీ ఆయ్ బాయీ. సురుజ్ ఉయే కే పహిలీ దూద్-జలేబీ ఖవా దే," అంది. సగం తలనొప్పికి వాళ్ళ వైపు వైద్యం అది. సూర్యుడు పొడవక ముందే పాలల్లో జిలేబీ వేసి తినిపించాలట.

బుధవారీ బజారులో మిఠాయికొట్టు తెల్లవారకముందే తెరిచేవారు. అమ్మ నన్ను నడిపించుకు వెళ్ళేది. నిప్పులు రాజుతున్న వాసన, నెయ్యి వాసన, మట్టిముంతలో మరిగిన పాలు, అందులో నాలుగు చుట్ల వేడి జిలేబీ. తూర్పు ముఖంగా కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా తినాలి. పోటు తగ్గేదా అంటే, కొన్నిసార్లు తగ్గేది. తగ్గకపోయినా జిలేబీ మిగిలేది.

ఇక్కడే నేనొక సంగతి ఒప్పుకోవాలి. ఎదుటివాడి అబద్ధాన్ని ఎత్తిచూపేవాడు తనది దాచుకోకూడదు. ఒకసారి, ఒకే ఒక్కసారి, పోటు లేకుండా పోటు వచ్చిందన్నాను. జిలేబీ కోసమే. నుదురు పట్టుకుని, మూలిగి, అమ్మను చీకట్లో బజారు దాకా నడిపించి, రెండు ముంతలు తాగాను. తిరిగొస్తుంటే డ్యూటీ దిగి ఎదురొచ్చాడు నాన్న. నా ముఖం ఒక్కసారి చూశాడు. మూతికి అంటుకున్న పాకం కూడా తుడుచుకోలేదు నేను.

"ఇయ్యాల నీకు నొప్పి నేదు," అన్నాడు. అంతే అన్నాడు.

ఎలా కనిపెట్టాడా అని చాలా రోజులు ఆలోచించాను. అమ్మే కనిపెట్టలేనిది ఆయనకెలా తెలిసిందని.

*

మా పక్క క్వార్టరులో నాన్న బండికి బొగ్గు వేసే ఫైర్‌మన్ ఉండేవాడు. చుట్టం కాదు గాని మాకందరికీ మావ. నోట్లో ఎప్పుడూ పాన్ ఉండేది. గొంతు పెద్దది, ఆయన గుసగుసలాడితే నాలుగో ఇంటికి వినిపించేది. ఇంజను మీద డ్రైవరూ ఫైర్‌మనూ సిగ్నల్ కనబడగానే ఒకరికొకరు గట్టిగా చెప్పుకోవాలి. ఒకడు 'గ్రీన్' అంటే రెండోవాడూ చూసి 'గ్రీన్' అనాలి. ఇద్దరి నోటా ఒకే మాట వస్తేనే బండి ముందుకెళ్ళాలి. అది రూలు. మావ బజారులో కూరగాయలు కొన్నా ఆ గొంతుతోనే కొనేవాడు. "వంకాయ గ్రీన్!" అని మేం వెనకనుంచి అరిచి పారిపోయేవాళ్ళం.

ఆయనకు డ్రైవరుగా ప్రమోషన్ వచ్చింది ఒకసారి. వద్దని రాసిచ్చాడు. వరుసంతా నవ్వింది. ఆయన భార్య మూడు రోజులు వంట మానేసింది. "ఒరే, డ్రైవరువైతే నీకేటి నొప్పిరా?" అని పెద్దలు నిలదీస్తే, పాన్ ఉమ్మి, "నాకు ఇంజను నడపడం రాదు బావూ. నాను మా డ్రైవరుకి కళ్ళజోడుని. కళ్ళజోడు ఒక్కటీ ఏడకెల్తాది?" అన్నాడు. అందరూ ఇంకా నవ్వారు. నేనూ నవ్వాను.

నాన్న నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని రైలుగేటు మీదుగా తీసుకెళ్ళినప్పుడు ఒక ఆట ఉండేది. "సిగ్నల్ ఏటుంది సెప్పు?" అనేవాడు. "ఎర్ర," అనేవాణ్ణి. "మళ్ళా సెప్పు." "ఎర్ర, నాన్నా." ఒక్కోరోజు మూడుసార్లు చెప్పించేవాడు. నాకు డ్రైవరుద్యోగం నేర్పుతున్నాడని ఛాతీ పొంగేది.

శీతాకాలం మొదట్లో కట్నీ లైను డ్యూటీ పడితే, కర్గీ రోడ్ స్టేషన్లో కొన్న సీతాఫలాలు లైను పెట్టెలో ఉండేవి. మాకు పంచేదాకా ఆగలేక నేను పెట్టె తెరిచేవాణ్ణి. ఎర్రజెండా, పచ్చజెండా, రూల్సు పుస్తకం, టిఫిను క్యారియరు, వాటికింద పళ్ళు. ఒకసారి పండు కోసం అడుగుదాకా చెయ్యి పెడితే, చుట్టి పెట్టిన గుడ్డపేలిక తగిలింది. పాత పంచె అంచు. ముడి వేసి విప్పిన మడతలు అలాగే ఉన్నాయి. మధ్యలో గోధుమరంగు మరక. ముక్కు దగ్గర పెట్టుకుంటే శొంఠి వాసన.

"అమ్మా, ఇది నా తలకట్టు కదా, నాన్న పెట్టెలో ఉందేటి?"

అమ్మ నా చేతిలోంచి లాక్కుంది. "దగ్గొస్తే మెడకి సుట్టుకుంటారు. పెట్టె ముట్టొద్దని ఎన్నిసార్లు సెప్పాలి నీకు?" అని వీపుమీద ఒకటిచ్చింది. అమ్మ నన్ను కొట్టడం అరుదు. పండు దొంగిలించినందుకు కొట్టిందనుకున్నాను.

*

మెట్రిక్ పరీక్ష రెండో రోజు, ప్రశ్నపత్రం పంచిన పది నిమిషాలకు రంపం వచ్చింది. కుడిపక్క ప్రశ్నలు మాయమయ్యాయి. కాగితం జరిపి చూస్తే ఎడమపక్కవి మాయమయ్యాయి. గంట గడిచేసరికి జవాబు కాగితం మీద వాంతి చేసుకున్నాను. పరీక్ష గదిలోంచి ఇద్దరు మోసుకొచ్చి చెట్టు కింద పడుకోబెట్టారు.

మా తెలుగు బడి హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. "రైల్వే ఆసుపత్రి నుంచి జబ్బుందని కాగితం తేరా. మళ్ళీ రాయిస్తాను," అన్నాడు. క్లాసులో రెండోవాణ్ణి నేను. నామీద ఆయనకు ఆశ ఉండేది.

డాక్టరు దగ్గరకు నాన్నే తీసుకెళ్ళాడు. అమ్మ రెండు రోజులు బతిమాలితే కదిలాడు. మరుసటి నెలలో ఆయనకూ అదే ఆసుపత్రిలో మెడికల్ ఉందని ఇంట్లో అనుకుంటుంటే విన్నాను. డ్రైవర్లకు కొన్నేళ్ళకోసారి ఆ పరీక్ష తప్పదు. కళ్ళు, చెవులు, గుండె అన్నీ చూస్తారు. తేడా వస్తే ఇంజను దింపేస్తారు. మా వరుస చివర ఒకాయనకు చూపు తగ్గిందని షెడ్డులో దీపాలు తుడిచే పనిలో వేశారు. ఆయన ఆ తరవాత మనుషులు తిరిగే వేళ బయటికి రావడం మానేశాడు. అదంతా నాకు తెలుసు. తెలిసినా ఒకదానికొకటి ముడివేసి చూసే బుద్ధి పదహారేళ్ళవాడికి ఎక్కడుంటుంది?

డాక్టరు బెంగాలీ ఆయన, కళ్ళద్దాల మీదుగా చూసేవాడు. నేను నాకొచ్చిన హిందీలో అంతా చెప్పాను. రంపం గురించి చెప్పాను. మాయమయ్యే వేళ్ళ గురించి చెప్పాను. ఆయన కలం ఆపి వింటున్నాడు. ఒకడు నా మాట కలం ఆపి వినడం అదే మొదలు. మనసులో ఏదో తేలికైంది. అప్పుడాయన నామీంచి చూపు నాన్నమీదకు తిప్పాడు.

"ఘర్ మే ఔర్ కిసీకో హై?" ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?

"నహీ సాబ్," అన్నాడు నాన్న. ఆలోచించకుండా అన్నాడు. "కిసీకో నహీ. నాటక్ హై సాబ్. పఢాయీ సే భాగ్‌తా హై." చదువు తప్పించుకోడానికి వేషాలని. డాక్టరు ఇంకా చూస్తూ ఉండేసరికి, "జలేబీ కే లియే భీ కర్‌తా హై. పూఛియే ఇస్‌కో," అన్నాడు.

డాక్టరు నన్నడిగాడు, జిలేబీ కోసం ఎప్పుడైనా అబద్ధమాడావా అని. నేను తలవంచుకున్నాను. ఒకసారి ఆడాను కదా. వంచిన ఆ తల చూసి ఆయన కలం మళ్ళీ కదిలింది.

ఇంటికొస్తూ దారిలో అడిగాను. "ఎందుకలా అన్నావు నాన్నా?"

"నడు," అన్నాడు.

హెడ్మాస్టరు కాగితం చదివి, కోపంలో, మిగతా పరీక్షలకు వచ్చిన క్లాసు ముందు కూడా చదివాడు. జబ్బేమీ లేదనీ, చదువు తప్పించుకోడానికి వేసిన వేషమనీ. నాకు 'యాక్టర్' అని పేరు పడింది. నేను వీధిలో కనబడితే కుర్రాళ్ళు కణత పట్టుకుని మూలిగేవారు. నాలుగు రోజులు భరించి, ఐదో రోజు బడి వైపు కాకుండా స్టేషను వైపు నడిచాను.

*

స్టేషను అవతల ఐసు కర్మాగారం ఉండేది. చేపల పార్సిళ్ళకు, శరబత్తు బళ్ళకు అక్కడి నుంచే ఐసు వెళ్ళేది. ఆ రోజు పోటు మొదలవుతుంటే నీడ కోసం దూరాను లోపలికి. చీకటి. రంపపుపొట్టు పరిచిన నేల, గోనెలు కప్పిన ఐసు దిమ్మలు, నిండు వేసవిలో నోట్లోంచి ఆవిరి వచ్చేంత చలి. అమోనియా వాసన ముక్కును కోసింది గాని, ఒక దిమ్మకు కణత ఆనించగానే మేకు ఎవరో చేత్తో పట్టి లాగేసినట్టయింది. ఎంతసేపున్నానో తెలియదు. కర్మాగారం సేఠ్ వచ్చి కాలితో తట్టాడు.

"కామ్ కరేగా, యా సోయేగా?"

పని చేస్తావా, పడుకుంటావా అని. చేస్తానన్నాను. ముప్ఫై రెండేళ్ళు చేశాను. వేళ్ళు కొంకర్లు పోయాయి, మోకాళ్ళు పోయాయి. కాని పోటు వచ్చిన రోజున పడుకోడానికి నాకొక చీకటి గది దొరికింది, సొంత ఇంట్లో దొరకనిది. చదువూ అక్కడే. ఐసు చుట్టడానికి వచ్చే పాత పేపర్లు, రైల్వే ఇన్‌స్టిట్యూటు లైబ్రరీ నుంచి మావ తెచ్చిపెట్టిన తెలుగు పుస్తకాలు. రంపం లేని గంటల్లో చదివాను. ముక్కలుగా వచ్చిన చదువు నాది, ముక్కల్ని అతికించుకుంటూ వచ్చాను. మావ పుస్తకం ఇచ్చినప్పుడల్లా నా ముఖం చూడకుండా ఇచ్చేవాడు.

నాన్నను రెండోసారి అడిగింది నా పెళ్ళి ముందు. "అయిపోయినదాన్ని ఏల ఎత్తుతావు?" అని లేచి వెళ్ళిపోయాడు. ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే పళ్ళెంలో పెట్టిన వడియాలు తిన్నాం, పదిహేనేళ్ళు. ఆయన డ్యూటీ, నా డ్యూటీ. ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాళ్ళం.

మందులు మింగాను. సూదులు వేయించుకున్నాను. ఏది తింటే వస్తుందో రాసి పెట్టుకున్నాను. నిద్ర చాలకపోతే వస్తుంది, ఎక్కువైతే వస్తుంది, ఎండలో వస్తుంది, కోపం తగ్గాక వస్తుంది. అన్నిటికన్నా నన్ను నలిపింది నొప్పి కాదు. వచ్చిన ప్రతిసారీ ఇది నిజమేనా అని నన్ను నేనే ప్రశ్నించుకోవడం. అంత పని చేసిపెట్టింది ఆ కాగితం.

*

నాన్న రిటైరైన రోజు ఏప్రిల్ ఎండ నెత్తిమీద ఉంది. డ్రైవరు ఆఖరి బండి తీసుకొస్తుంటే తోటివాళ్ళు పట్టాల మీద టపాకాయ డబ్బీలు అమరుస్తారు. మంచులో డ్రైవర్లను హెచ్చరించడానికి వాడే డబ్బీలవి, చక్రం ఎక్కగానే పేలతాయి. ఆ రోజు మాత్రం అవి సలాము. ఇరవైకి పైగా పెట్టారు నాన్నకు. ప్లాట్‌ఫారం అదిరింది. బంతిపూల దండలు ముక్కుదాకా వేశారు. లడ్డూలు, బ్యాండు, ఫోటోలు. నాన్న నవ్వుతూనే ఉన్నాడు. మావ ఆయన మోచెయ్యి వదలకుండా పక్కనే నడిచాడు. మెట్టు వస్తే "మెట్టు," అంటున్నాడు మెల్లగా. ఆయన జీవితంలో మెల్లగా అన్న మాట అదొక్కటే కాబోలు.

నేను విందుకోసం గోనెలో ఐసు దిమ్మ చుట్టి సైకిలు మీద ఇంటికి తెచ్చాను. పెరట్లో వంటలు, ముందు గదినిండా జనం. పెద్దాయన ఏడంటే ఎవరికీ తెలియదు. వెనక గది గుమ్మానికి అడ్డంగా మావ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ ఆగి, చేతిలో ఐసు వైపు చూశాడు.

"ఇంక దాసేదేటుందిలే. లైను పెట్టె కూడా జమా సేసేయాల రేపు. ఎల్లు," అని కుర్చీ పక్కకు లాగాడు.

లోపల చీకటి. కిటికీకి నల్ల కంబళి. దండలన్నీ మూల పడి ఉన్నాయి. కొత్త పంచె కట్టుకున్న మా నాన్న నేలమీద కూర్చుని, లైను పెట్టె రేకుకు ఎడమ కణత ఆనించి ఉన్నాడు. తలచుట్టూ పేలిక. కణత మీద ముడి. పక్కన వాంతి చేసుకున్న చెంబు. ఒక పక్క రేకు వేడెక్కినట్టుంది, నేను చూస్తుండగానే చల్లటి పక్కకు జరిగాడు.

నేను ఎన్నాళ్ళు జరిగానో ఆ పెట్టె చుట్టూ. అదే జరగడం.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. నా చదువు కోసం వచ్చింది, కట్నీ లైను సొరంగాల దారిలో ఆయన వెనక వచ్చిన బళ్ళ కోసం, గార్డు పెట్టెలో కూర్చున్న మనుషుల కోసం కూడా వచ్చింది. మొన్న డాక్టరమ్మ గదిలో చెయ్యెత్తినప్పుడు ఆ కోపంతోనే ఎత్తాను. "నాకుంది. మా నాన్నకూ ఉండేది. రాసుకోండి," అన్నాను. ఆవిడ రాసుకుంది. మా ఇంట్లో ఆ మాట కాగితం మీదకెక్కడం అదే మొదలు. పిల్ల నా వేలు పట్టుకుని నిలబడి ఉంది.

కాని నాన్న రిటైరైన ఆ రోజు, ఆ వెనక గదిలో, చేతులకు కోపం తెలియలేదు. ఐసు పగలగొట్టి, తువ్వాలులో చుట్టి, ఆయన పక్కన కూర్చున్నాను. చేతులకు తెలిసిన పని అది.

"ఏ పక్క?" అన్నాను, తెలిసే.

"ఎడమ."

ముడి మీదుగా పట్టీ అదిమి పట్టుకున్నాను. బయట జనం నవ్వుతున్నారు, మావ ఎవరినో లోపలికి రావద్దంటున్నాడు. కాసేపటికి ఆయన ఊపిరి నెమ్మదించింది. మెరుపు దాటి, మేకు వదులయ్యే వేళ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ వేళకోసమే ఆగి, మూడోసారి అడిగాను. ఆ రోజు డాక్టరు ముందు ఎందుకలా అన్నావు నాన్నా అని.

మళ్ళీ 'నడు' అంటాడేమో అనుకున్నాను. కళ్ళు తెరవకుండానే చెప్పాడు.

"ఇంట్లో ఇంకెవలికైనా ఉందా అన్నాడు సూడు ఆ డాక్టరు, అది నిన్నడగనేదురా. నన్నడిగినాడు. ఉందన్నానంటే ముందు నా కళ్ళు సూస్తాడు. ఆ పై నెల్లోనే నాకు మెడికల్. నీకన్నా సిన్నప్పట్నించీ ఉంది నాకు. ఇదే పక్క, ఇదే రంపం. గతౌరా స్టేషన్ కాడ సగం సిగ్నల్ నాను సూసేవోణ్ని, కనబడని సగం మీ మావ సెప్పేవోడు. ఆడు ప్రమోషన్ ఎందుకొద్దన్నాడనుకున్నావు? ఎవులూ సావకుండా సర్వీసు దాటిపోనాది, అది నా గొప్ప కాదు. నీకు పోటొచ్చిన పెతీసారీ ఈ గదిలోంచి నాకు తెలిసేది, ఏ పక్కొచ్చిందో కూడా తెలిసేది. లేసొచ్చి సెయ్యెయ్యనేకపోనాను. ఎయ్యాలంటే ఒప్పుకోవాల. ఆ రోజు డాక్టరు గదిలో ముగ్గురం ఉన్నాం. నిజం సెప్పినోడివి నువ్వొక్కడివే."